నోబెల్ ఏడుపు కాసేపు పక్కనపెట్టి ఆ నీలం రంగు సంగతి చూద్దాం

జనవరి 12 వచ్చిందంటే మా చుట్టాల వాట్సాప్ గ్రూపులో రెండు ఫార్వర్డులు తప్పవు. ఒకటి వివేకానందుడిది, రెండోది యల్లాప్రగడ సుబ్బారావుది. ఇద్దరి పుట్టినరోజూ అదే. వివేకానందుడి జోలికి నేను పోను గానీ, సుబ్బారావు మీద వచ్చేది చదివినప్పుడల్లా నాకు ఒళ్లు మండుతుంది, అందులో ఉన్నదంతా ఆయన మీద ప్రేమే అయినా సరే. ఏటా అదే పాట. మెట్రిక్ రెండుసార్లు తప్పాడు, కాశీకి పారిపోయి అరటిపళ్లు అమ్ముకుందామనుకున్నాడు, అమెరికా వెళ్లి ఆస్పత్రిలో బెడ్‌పాన్లు ఎత్తాడు, క్యాన్సర్‌కి మందు కనిపెట్టాడు, బోదకాలుకి మందు కనిపెట్టాడు, టెట్రాసైక్లిన్ కనిపెట్టాడు, ఏటీపీ కనిపెట్టాడు, అయినా తెల్లవాళ్లు నోబెల్ ఇవ్వలేదు. చివర్న ‘ప్రతి తెలుగువాడూ షేర్ చేయాలి’. ఈ ఏడాది దాని కింద మా బాబాయి కొడుకు, ఇంజినీరింగ్ చదువుతున్నవాడు, "అన్నయ్యా, నీ ఫేవరెట్ సైంటిస్టు కూడా ఈయనే కదా, ఏమీ మాట్లాడవేం" అని నన్ను ట్యాగ్ చేశాడు.

అవును, ఈయనే. చాలా ఏళ్లుగా డిగ్రీ కాలేజీలో బయోకెమిస్ట్రీ చెప్పుకుంటూ బతుకుతున్నవాణ్ణి, ఇంకెవరి పేరు చెప్తాను. కానీ ఆ ఫార్వర్డులో రాసిన కారణాల్లో నాకు పనికొచ్చేది ఒక్కటీ కనబడలేదు. నాకు ఆయన నచ్చింది 1925లో ఆయనా, హార్వర్డ్‌లో ఆయన పై ప్రొఫెసరు సైరస్ ఫిస్కూ కలిసి అచ్చు వేయించిన ఒక కొలత పద్ధతి వల్ల. టెస్ట్‌ట్యూబులో నీలం రంగు వస్తుంది, అది ఎంత చిక్కగా ఉందో చూసి ఫాస్ఫరస్ ఎంతుందో చెప్పొచ్చు. అంతే. ఈ ముక్క గ్రూపులో పెడితే ఎవరూ లైక్ కూడా కొట్టరు, అందుకే ఇక్కడ రాస్తున్నాను. కొంచెం పొడుగవుతుంది.

ముందు ఆ జాబితా సంగతి

సుబ్బారావు 1940లో హార్వర్డ్ వదిలి న్యూయార్క్ రాష్ట్రంలో పెర్ల్ రివర్ అనే ఊళ్లో ఉన్న లెడర్లీ మందుల కంపెనీలో చేరాడు. కొద్దికాలానికే అక్కడి పరిశోధనంతటికీ పెద్దదిక్కయ్యాడు. అక్కణ్ణించి ఎనిమిదేళ్లలో వచ్చిన మందుల పట్టిక చూస్తే ఎవరికైనా కళ్లు తిరుగుతాయి. కానీ పెద్దదిక్కు కావడం వేరు, ప్రతిదీ తన చేత్తో కనిపెట్టడం వేరు. టెట్రాసైక్లిన్ జాతి యాంటీబయాటిక్ మందుల్లో మొదటిదైన ఆరియోమైసిన్‌ని మట్టిలోని సూక్ష్మజీవిలోంచి పట్టుకున్నది బెంజమిన్ డగ్గర్ అనే వృక్షశాస్త్రవేత్త. యూనివర్సిటీలో రిటైరయ్యాక, డెబ్బై దాటిన వయసులో, లెడర్లీకొచ్చి చేసిన పని అది. ఆ వయసు ప్రొఫెసర్‌ని పిలిచి ఉద్యోగమిచ్చే చోటుకి పెద్దగా ఉండటం కూడా ఘనతే, కాదనను. ఫార్వర్డులో చెప్పే క్యాన్సర్ మందు అమినోప్టెరిన్, దాని తయారీ గురించి 1947లో వచ్చిన చిన్న నోట్ మీద డోరిస్ సీగర్, మరో ఇద్దరి పేర్లున్నాయి, సుబ్బారావు పేరు లేదు. ఆ మందుని లుకేమియా వచ్చిన పిల్లలకి ఇచ్చి చూసింది బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్. 16 మంది పిల్లల్లో 10 మందికి, కొన్నాళ్లపాటే అయినా, జబ్బు వెనక్కి తగ్గిందని 1948 జూన్‌లో ఆయన ప్రకటించాడు. అదే ఏడాది ఆగస్టులో సుబ్బారావు 53 ఏళ్లకే పోయాడు.

మరి ఇందులో ఆయనదేమిటి అంటే, ఫోలిక్ ఆమ్లం అనే ఒక్క ప్రశ్నని వదలకుండా పట్టుకుని కూర్చోవడం. ఆ విటమిన్‌ని వేరుచేసి, 1945లో తయారుచేసి, దాని ఆకారం తేల్చిన జట్టుని నడిపింది ఆయనే. ఆకారం తెలిశాక ఒకచోట చిన్న మార్పు చేస్తే విటమిన్ కాస్తా విటమిన్‌కి అడ్డుపడే పదార్థం అవుతుంది, అమినోప్టెరిన్ అలా వచ్చింది, దాని తమ్ముడే మెథోట్రెక్సేట్. మా పెద్దమ్మకి కీళ్లవాతం. డాక్టరు వారానికి ఒక్కరోజే వేసుకోమని మెథోట్రెక్సేట్ రాశాడు, మిగతా రోజుల్లో ఫోలిక్ యాసిడ్ బిళ్ల. ‘ఒకదానికి ఇంకోటి విరుగుడంటగా, మరి రెండూ దేనికిరా’ అని ఆవిడ నన్ను అడిగింది. మొదటిది కణాలకి అందకుండా చేసేదాన్నే రెండోది కొంత తిరిగి ఇస్తుంది పెద్దమ్మా, లేకపోతే నోరంతా పుళ్లు పడి, రక్తకణాలు తగ్గిపోతాయి అని చెప్పాను. ఆ రెండు బిళ్లలూ ఒకే ఊళ్లో, ఒకే కంపెనీ ల్యాబుల్లోంచి వచ్చాయని మాత్రం ఆవిడకి చెప్పలేదు, చెప్పుండాల్సింది.

ఇక నోబెల్. కణాల్లో శక్తిని మోసే ఏటీపీని 1929లో హార్వర్డ్‌లో ఫిస్క్, సుబ్బారావు పట్టుకున్నారు, అదే ఏడాది జర్మనీలో కార్ల్ లోమన్ కూడా పట్టుకున్నాడు. లోమన్‌కీ నోబెల్ రాలేదు. ఆయన తెల్లవాడే. ఫార్బర్‌కి రాలేదు, డగ్గర్‌కీ రాలేదు. ఇంతమందికి రాని బహుమతి మనవాడికి రాలేదని మాత్రమే గుండెలు బాదుకోవడంలో నాకు న్యాయం కనబడదు.

అలాగని ఏ అన్యాయమూ జరగలేదనీ అనలేను. జార్జ్ హిచింగ్స్ అని 1988లో వైద్య నోబెల్ అందుకున్నవాడు కుర్రతనంలో ఆ హార్వర్డ్ ల్యాబులోనే పనిచేశాడు. సుబ్బారావు వేరుచేసిన కొన్ని న్యూక్లియోటైడ్లని (డీఎన్‌ఏ లాంటివాటికి ఇటుకల్లాంటివి) తర్వాత వేరేవాళ్లు మళ్లీ కొత్తగా కనుక్కోవాల్సి వచ్చిందని, ఫిస్క్ అసూయ కొద్దీ ఆ పనిని బయటికి రానివ్వలేదని ఆయనే చెప్పాడు. పక్కనుండి చూసినవాడి మాట, కొట్టిపారేయలేం. హార్వర్డ్ కూడా అన్నేళ్లు పని చేయించుకుని శాశ్వత ఉద్యోగం ఇవ్వలేదు. కాబట్టి ఏడవడానికి కారణం ఉంది. ఏడుపే అభిమానంగా చలామణీ అయిపోవడం దగ్గరే నాకు పేచీ. ఆయన ఏం చేశాడో ఒక్క ముక్క తెలియకుండా ఆయనకేం దక్కలేదో మాత్రం అందరికీ కంఠతా వచ్చు.

నీలం

బీఎస్సీలో బయోకెమిస్ట్రీ తీసుకున్న ప్రతివాడూ ఈ ప్రయోగం చేసే ఉంటాడు. సీరంలో ట్రైక్లోరో అసిటిక్ ఆమ్లం పోస్తే ప్రొటీన్లు తెల్లగా గడ్డకట్టి అడుగుకి దిగుతాయి. పైన తేరిన నీళ్లు తీసుకుని అమ్మోనియం మాలిబ్డేట్ కలపాలి. ఫాస్ఫేటు మాలిబ్డేట్‌తో జట్టుకడుతుంది, కానీ చూడ్డానికి పెద్దగా ఏమీ కనబడదు. అప్పుడు ముదురు రంగు సీసాలో వెలుతురు తగలకుండా దాచిన ఆన్సా అనే ద్రావణం కొంచెం వేస్తే నీలం మొదలవుతుంది. ముందు వచ్చిందా రాలేదా అన్నట్టు, తర్వాత నిదానంగా ముదురుతూ. కొద్ది నిమిషాలు ఆగి, కలరీమీటర్‌లో ఎర్ర ఫిల్టర్ పెట్టి రీడింగ్ తీసుకుంటాం. ఎంత ముదురు నీలమైతే అంత ఫాస్ఫరస్.

నేను చదువుకునే రోజుల్లో ఒకసారి ప్రాక్టికల్ పరీక్షకి ముందు మా అటెండరు, పిల్లలకి మంచి గాజు సామాను ఇవ్వాలని, టెస్ట్‌ట్యూబులన్నీ బట్టల సబ్బుపొడి వేసి తళతళా తోమి పెట్టాడు. తీరా మొదలెట్టాక శాంపిల్ లేని బ్లాంక్ ట్యూబు కూడా నీలంగా మారింది. అందరి ట్యూబులూ అంతే. మాకు చచ్చేంత టెన్షన్. మా మేడమ్ వచ్చి చూసి నవ్వేసింది. సబ్బుపొడిలో ఫాస్ఫేటు ఉంటుంది, కడిగినా గాజుకి కాస్త అంటుకునే ఉంది, పద్ధతి దాన్ని కూడా వదల్లేదు, మీరు భయపడాల్సింది పద్ధతి పనిచేయకపోతే అంది. తర్వాత ఆమ్లంతో కడిగించి పరీక్ష మళ్లీ పెట్టింది. అప్పటిదాకా నాకు ఫిస్క్-సుబ్బారావు అంటే రికార్డులో రాసుకునే హెడ్డింగు. కంటికి కనబడని సబ్బు మరకని లెక్కపెట్టగలిగిన మనుషులు వాళ్లు అని ఆ రోజే బుర్రకెక్కింది.

ఫాస్ఫేటుని నీలంగా మార్చి కొలవచ్చని వీళ్లకంటే ముందే తెలుసు. బెల్, డాయిసీ అనేవాళ్ల పద్ధతి 1920 నుంచి వాడుకలో ఉంది, దాన్ని బ్రిగ్స్ అనే ఇంకొకాయన సవరించాడు. చిక్కేమిటంటే ఆ రంగుకి నిలకడ తక్కువ, రక్తంలోనూ కండలోనూ ఉండే ఇతర పదార్థాలు మధ్యలో వేలు పెడతాయి. ఫిస్క్, సుబ్బారావు రంగు తెప్పించే పదార్థాన్ని మార్చి ఈ రెండు బాధలూ చాలావరకు తప్పించారు. గొప్ప సిద్ధాంతం ఏమీ లేదు ఇందులో. ఏది ఎంత కలపాలి, ఎంత పులుపులో కలపాలి, ఎంతసేపు ఆగాలి, ఇలాంటివే. కానీ ఇలాంటివి కుదర్చడానికి ఎన్ని వందల ట్యూబులు పారబోయాలో ఆ పని చేసినవాడికే తెలుస్తుంది.

ఇక్కడితో ఆగిపోయుంటే ఆయన నాకు గురువయ్యేవాడు గానీ అభిమాన శాస్త్రవేత్త అయ్యేవాడు కాదు. అసలు కథ పద్ధతి కుదిరాక మొదలైంది. దాన్ని కండరం మీద వాడారు. కండరాన్ని నూరి, ప్రొటీన్ తీసేసిన రసంలో మాలిబ్డేటు, ఆన్సా వేశారు. నీలం ఎప్పుడు రావాలో వాళ్లకి తెలుసు, ఆ గడియారాన్ని కట్టింది వాళ్లే. అది ఆ టైముకి రాలేదు. ఆలస్యంగా వచ్చింది, వచ్చాక ఆగకుండా పెరుగుతూ పోయింది.

మీరైతే ఏం చేస్తారు? నేనైతే ముందు ఆన్సా పాడైందనుకుంటాను. కొత్త ద్రావణం కలుపుతాను. అప్పటికీ అలాగే ఉంటే ‘కండరంలో ఏదో అడ్డుపడుతోంది’ అని ఒక వాక్యం రాసి, ఫలానా నిమిషానికి రీడింగ్ తీసుకోవాలి అని నియమం పెట్టేసి ఇంటికి పోతాను. వాళ్లు ఆ ఆలస్యాన్నే పట్టుకున్నారు. కండరంలో ఫాస్ఫేటు విడిగా లేదు, దేనికో అంటుకుని ఉంది, ఆమ్లంలో మాలిబ్డేటు తగిలేసరికి ఆ బంధం కొంచెం కొంచెంగా తెగి ఫాస్ఫేటు బయటపడుతోంది, అందుకే నీలం మెల్లగా పెరుగుతోంది. అంటుకున్నది దేనికి అని వెతికితే క్రియాటిన్ అని కండరంలో ఉండే ఒక పదార్థానికి. కండరాన్ని పనిచేయిస్తే ఈ పదార్థం తగ్గుతోంది, విశ్రాంతినిస్తే మళ్లీ కూడుకుంటోంది. అదే ఫాస్ఫోక్రియాటిన్, 1927.

అప్పటికి కండరం పనిచేసేది లాక్టిక్ ఆమ్లం వల్లేనన్నది వేదవాక్కు. ఆ పనికి హిల్, మేయర్‌హోఫ్‌లకి 1922 నోబెల్ కూడా ఇచ్చారు. ఫాస్ఫోక్రియాటిన్ బయటపడ్డాక ఆ వేదం కదిలింది, 1930లో డెన్మార్క్‌లో లుండ్స్‌గార్డ్ లాక్టిక్ ఆమ్లం తయారవకుండా చేసినా కండరం ముడుచుకుంటుందని చూపించాక కూలింది. ఒక నోబెల్ సిద్ధాంతాన్ని కదిపినవాటిలో ఒకటి టైముకి రాని రంగు. నోబెల్ రాలేదని ఏడ్చేవాళ్లు ఈ ముక్క ఎందుకు చెప్పరో నాకు అర్థం కాదు.

ఇక్కడ నిజాయితీగా ఒకటి ఒప్పుకోవాలి. సరిగ్గా అప్పుడే లండన్‌లో ఫిలిప్, గ్రేస్ ఎగల్టన్ దంపతులు కూడా కండరంలో ఇలాంటి ఫాస్ఫేటు ఉందని గమనించి దానికి ఫాస్ఫాజెన్ అని పేరు పెట్టారు. కాబట్టి ప్రపంచంలో ఇంకెవరికీ తట్టనిది మనవాడికి తట్టిందని నేను చెప్పడం లేదు. అలాంటి పోటీ లేని కనుగోళ్లు సైన్సులో అరుదు కూడా. పదార్థం క్రియాటిన్‌తో కలిసి ఉందని తేల్చింది మాత్రం హార్వర్డ్ జంటే.

పోయిన ఏడాది మా ల్యాబులో ఒక అమ్మాయి నా దగ్గరికొచ్చి, "సార్, మీరు చెప్పిన టైముకి ఒక రీడింగ్ తీశాను, ట్యూబు పారబోయడం మర్చిపోయి ఇంకాసేపయ్యాక చూస్తే ఎక్కువొచ్చింది, రికార్డులో ఏది రాయమంటారు" అంది. రెండూ రాయమ్మా, టైము కూడా వేయి అన్నాను. "ఎక్స్‌టర్నల్ మార్కులు కోసేస్తారేమో సార్" అని నసిగింది. ఆ అమ్మాయి భయం అబద్ధం కాదు, కోసేవాళ్లున్నారు. సీరంలో అయితే అది పెద్ద విశేషమేమీ కాదు, రంగు కొంచెం ముదరడం మామూలే. కానీ రెండో రీడింగ్ చూడాలనిపించిన పిల్లకి, దాన్ని దాచేయాలేమో అని కూడా మేమే నేర్పాం.

సాంగర్‌ని ఎందుకు కలుపుతున్నానంటే

నా జాబితాలో రెండో పేరు ఫ్రెడరిక్ సాంగర్. ఇన్సులిన్‌లో అమినో ఆమ్లాలు ఏ వరసలో ఉన్నాయో తేల్చి 1958లో ఒక నోబెల్, డీఎన్‌ఏ అక్షరాలు చదివే పద్ధతికి 1980లో ఇంకో నోబెల్. ఈయనకి అన్యాయం జరిగిందని ఎవరూ ఏడవలేరు. అయినా నాకు ఇద్దరూ ఒకే పంక్తిలో కనబడతారు.

సాంగర్‌దీ రంగు కథే. ప్రొటీన్ గొలుసు చివరి అమినో ఆమ్లానికి పసుపు రంగు తగిలించి, తర్వాత గొలుసుని ముక్కలు చేస్తే, పసుపు అంటిన ముక్క ఏదో అదే చివరిదన్నమాట. ఆమ్లంతోనూ ఎంజైములతోనూ గొలుసుని అడ్డదిడ్డంగా విరగ్గొట్టి, వచ్చిన ముక్కల్లో చివర్లేవో చూసి, ఒకదాని తోక ఇంకోదాని తలకి ఎక్కడ కలుస్తోందో పోల్చుకుంటూ 51 అమినో ఆమ్లాల వరస కట్టడానికి పదేళ్ల దాకా పట్టింది. ప్రొటీన్‌కి కచ్చితమైన వరసంటూ ఉందా లేక కలగాపులగమా అన్నది అప్పటికి చాలామందికి అనుమానమే. ఉందని ఎవరూ కొట్టి పారేయలేని విధంగా చూపించింది ఆ పసుపు.

ఇద్దరి పుట్టుకలూ పోల్చి చూస్తే నవ్వొస్తుంది. నేనేమీ చదువులో మెరికని కాదు, స్కాలర్‌షిప్పులు ఎప్పుడూ రాలేదు, మా అమ్మానాన్నలకి బాగా డబ్బుండబట్టి కేంబ్రిడ్జికి వెళ్లగలిగాను అని సాంగరే రాసుకున్నాడు. భీమవరంలో పుట్టిన సుబ్బారావు కాకినాడలోని మల్లాడి సత్యలింగ నాయకర్ ఛారిటీస్ వారి మాట సాయంతోనూ మామగారు కస్తూరి సూర్యనారాయణమూర్తి డబ్బుతోనూ ఓడెక్కాడు. మద్రాసులో ఖద్దరు గౌను తొడుక్కుని సర్జరీ ప్రొఫెసర్‌కి కోపం తెప్పించి, ఎంబీబీఎస్ బదులు దానికంటే తక్కువదైన ఎల్ఎంఎస్‌తో బయటపడ్డ మనిషి, అమెరికాలో ఆ పట్టాకి విలువేముంటుంది. ‘కష్టాలు పడ్డాడు కాబట్టి గొప్పవాడయ్యాడు’ అని మోటివేషన్ వీడియోల వాళ్లు లాగే సూత్రం సాంగర్ దగ్గర పనిచేయదు. కష్టం పడనివాడూ అంతే పని చేశాడు. మెట్రిక్ తప్పడం సుబ్బారావుకి ఏ విధంగానూ ఉపయోగపడలేదు, కొన్నేళ్లు తినేసిందంతే. కష్టాల్ని కొలమానంగా పెట్టినవాళ్లకి ఆ కష్టం లేకుంటే ఆయన ఇంకేం చేసుండేవాడో అని బాధపడే ఆలోచన రాదు.

సాంగర్ 1983లో, 65 ఏళ్లకి, ల్యాబు తలుపు మూసి తోటపనికి వెళ్లిపోయాడు. జనం సర్ అని పిలవడం ఇష్టంలేక నైట్‌హుడ్ వద్దన్నాడు. ల్యాబులో ఏదో కెలుక్కుంటూ కూర్చున్న మామూలు మనిషిని అని తన గురించి చెప్పుకున్నాడు. ఇలాంటి మాటలు వినయం ఒలకబోయడానికి కూడా అంటారు కొందరు, ఈయన విషయంలో మాత్రం నేను నమ్ముతాను. జట్లని నడపడం, కమిటీల్లో కూర్చోవడం ఇష్టంలేక చివరిదాకా స్వయంగా బల్ల దగ్గర నిలబడ్డవాడు. ఈ ఒక్క విషయంలో సుబ్బారావు ఈయనకి పూర్తి విరుద్ధం. లెడర్లీలో ఆయన నడిపింది పెద్ద సైన్యాన్ని.

ఇది గరిటెని పొగడటం కాదా?

మా కాలేజీలో ఫిజిక్స్ చెప్పే మిత్రుడొకడు నాతో ఎప్పుడూ దెబ్బలాడతాడు. ఐన్‌స్టీన్‌నో డార్విన్‌నో వదిలేసి కొలత పద్ధతులు కనిపెట్టినవాళ్లని నెత్తిన పెట్టుకోవడం అంటే భోజనం తిని గరిటెని మెచ్చుకోవడమే అంటాడు. ఆలోచన గొప్పది, పద్ధతి ఇవాళ కాకపోతే రేపు ఎవడో ఒకడు చేస్తాడు అని.

ఇందులో కొంత నిజముంది. లౌరీ పద్ధతి అని మేం ప్రొటీన్ కొలవడానికి నేర్పుతాం, అదీ నీలమే. ఆలివర్ లౌరీ 1951లో రాసిన ఆ పేపర్ని సైన్సు చరిత్రలో ఇంక దేన్నీ ఉదహరించనన్నిసార్లు, మూడు లక్షలకి పైగా, ఉదహరించారు. అది గొప్ప పేపరేం కాదని, కానీ జనం అన్నిసార్లు తలుచుకుంటుంటే లోపల మాత్రం సరదాగా ఉంటుందని లౌరీయే అన్నాడు. ఎన్నిసార్లు వాడారన్నది గొప్పతనానికి కొలత కాదని ఇంతకంటే సాక్ష్యం ఏం కావాలి. ఎన్నిసార్లు ఉదహరించారన్న లెక్కతోనే తేల్చేటట్టయితే నేను సుబ్బారావుని వదిలి లౌరీని పట్టుకోవాలి.

పద్ధతులు ముసలివైపోతాయన్నది ఇంకో సంగతి. ఇవాళ డయాగ్నస్టిక్ సెంటర్‌లో మీ రక్తంలో ఫాస్ఫరస్ చూడమంటే చాలా చోట్ల మెషీన్లు నీలం దాకా రానివ్వవు, మాలిబ్డేటు కలవగానే ఏర్పడేదాన్ని అతినీలలోహిత కాంతిలో కొలిచేస్తాయి. ఆన్సా అక్కర్లేదు. ఫిస్క్-సుబ్బారావు పేరు చాలావరకు మా రికార్డుల్లోకీ, కొవ్వుల్లోని ఫాస్ఫరస్ కొలిచే బార్ట్‌లెట్ పద్ధతి లాంటి చోట్లకీ వెళ్లి కూర్చుంది.

అయినా మా ఫిజిక్స్ మిత్రుడితో నేను ఏకీభవించను. ఆలోచన ఒకచోట, పద్ధతి ఒకచోట ఉంటాయని అనుకోవడం దగ్గరే వాడి లెక్క తప్పుతోంది. ఆ నీలం ఆలస్యమైందని తెలియాలంటే ముందు అది ఎప్పుడు రావాలో అంత కచ్చితంగా తెలిసుండాలి. పాత బెల్-డాయిసీ పద్ధతితో చేసేవాడికి ఆ ఆలస్యం కనబడే వీల్లేదు, ఎందుకంటే ఆ రంగు ఎలాగూ నిలకడగా ఉండదు, అందులో కాస్త అటూఇటూ అయితే ఎవడు పట్టించుకుంటాడు. తన కొలత మీద తనకి అంత నమ్మకం ఉన్నవాడే, కొలత తేడా వచ్చినప్పుడు తప్పు ప్రకృతిని చూసే తన పద్ధతిలో ఉందా, లేక ప్రకృతి గురించి అంతా అనుకుంటున్నదాంట్లోనే ఉందా అని అడగగలడు. ఐన్‌స్టీన్‌ని నేనూ గౌరవిస్తాను, కానీ ఆయన చేసింది నా చేత కాదు, మా పిల్లల చేతా కాదు. ఆలస్యమైన ట్యూబుని పారబోయకుండా ఉంచడం ఎవరి చేతనైనా అవుతుంది. అభిమానం నన్ను ఏదైనా చేయించాలి కదా.

శేషగిరిగారి మాట

ఒక స్కూలువాళ్లు సైన్స్ డేకి పిలిస్తే వెళ్లి సుబ్బారావు గురించి మాట్లాడాను. పైన రాసినవే కొంచెం తేలిక చేసి చెప్పాను. అయిపోయాక పిల్లలు ఏవో అడిగారు, చెప్పాను. చివర్న తెలుగు చెప్పే ఒక పెద్ద టీచరుగారు లేచి, "బాబూ, మరి ఆయన భార్య ఏమైంది?" అన్నారు.

ఆయన ఓడెక్కేటప్పటికి భార్య శేషగిరి గర్భవతి. తర్వాత పుట్టిన కొడుకు పసితనంలోనే పోయాడు. మామగారి డబ్బుతో చదువుకోవడానికి వెళ్లిన మనిషి మళ్లీ ఎన్నడూ వెనక్కి రాలేదు. ఆవిడ ఇక్కడే ఉండిపోయింది. మన జీవితచరిత్రల్లో దీన్ని ‘సైన్సు కోసం సంసారాన్ని త్యాగం చేశాడు’ అని రాస్తారు. త్యాగం ఎవరిదండీ? ఆయనకి ఇష్టమైన పని ఆయన చేసుకున్నాడు. ఎవరూ అడక్కుండానే ఇవ్వాల్సి వచ్చింది ఆవిడకి.

ఆయన వైపు చెప్పడానికి కొంత ఉంది. 1923లో అమెరికా సుప్రీంకోర్టు భారతీయులు పౌరసత్వానికి తగరని తీర్పిచ్చింది, 1924లో వలస చట్టం తలుపు బిగించింది, 1946 దాకా ఆ తలుపు తెరుచుకోలేదు. ఒకసారి దేశం దాటితే మళ్లీ రానిస్తారన్న భరోసా లేదు. చేతిలో డబ్బు కూడా లేదు చాలాకాలం. ఇవన్నీ నిజాలే. కానీ లెడర్లీలో పెద్ద హోదాకి వచ్చాక డబ్బు లేదనడానికి లేదు, తలుపు తెరిచాక రెండేళ్లు ఆయన బతికే ఉన్నాడు. అన్నదమ్ముల్ని జబ్బుకి పోగొట్టుకున్న మనిషి, రామకృష్ణ మఠంలో చేరదామనుకున్న మనిషి, సంసారం మీద మొదట్నుంచీ ఆశ లేదేమో అనుకోవచ్చు. అలాంటప్పుడు పెళ్లి ఎందుకు అని మళ్లీ ఆ టీచరుగారే అడుగుతారు.

ఆ రోజు నేను ఆవిడకి వలస చట్టాల గురించి చెప్పాను. ఆవిడ విని, తల ఊపి, కూర్చున్నారు, ఒప్పుకున్నట్టు మాత్రం అనిపించలేదు. ఒప్పుకోవాల్సిన పనీ లేదు. సుబ్బారావు మంచి భర్త అని చెప్పడానికి నా దగ్గర ఏమీ లేదు, నా అభిమానానికి అది అక్కర్లేదు కూడా. ఆయన్ని దేవుణ్ణి చేస్తేనే ఇది ఇబ్బంది. పిల్లలకి చెప్పేటప్పుడు ఇప్పుడు శేషగిరిగారి మాట దాటేయకుండా చెప్తున్నాను. కాశీ, అరటిపళ్లు వదిలేస్తే ఆ పాటి టైము ఎలాగూ మిగులుతుంది.

ఈ ఏడాది ల్యాబులో

ఆలస్యమైన నీలం కథ క్లాసులో చెప్పాక మా పిల్లలు, మనమూ కండరంతో చేసి చూద్దాం సార్ అన్నారు. చికెన్ షాపు నుంచి మాంసం తెస్తామన్నారు ఉత్సాహంగా. కుదరదని చెప్పాల్సి వచ్చింది. ప్రాణం పోయిన కండరంలో ఫాస్ఫోక్రియాటిన్ చాలా తొందరగా విరిగిపోతుంది, షాపులో కోసి, కొట్టి, కవర్లో వేసి, మన ల్యాబుకి చేరేసరికి అందులో మిగిలేది దాదాపు ఏమీ ఉండదు, మామూలు ఫాస్ఫేటే ఉంటుంది, నీలం టైముకే వచ్చేస్తుంది. కండరాన్ని తీసిన క్షణమే చల్లబరిచి, గబగబా పని కానిస్తేనే ఆ ఆలస్యం కనబడుతుంది. ఫిస్క్, సుబ్బారావుల కంటే ముందు ఎందరో కండరంలో ఫాస్ఫేటు కొలిచినా ఇది దొరక్కపోవడానికి ఇదీ ఒక కారణమై ఉంటుందని ఒక కుర్రాడు అన్నాడు, నేను చెప్పకుండానే.

అందుకని ఫాస్ఫోక్రియాటిన్‌నే కొని చేద్దామనుకున్నాం. ఖరీదు ఎక్కువే, కానీ చిటికెడు చాలు. ఒక ట్యూబులో మామూలు ఫాస్ఫేటు, పక్క ట్యూబులో అది, రెండింట్లో ఒకేసారి ఆన్సా వేసి, నిమిషానికోసారి రీడింగ్ తీసి గ్రాఫు గీయాలని ప్లాను. గీత ఎక్కడ మొదలైందో వెనక్కి పొడిగిస్తే సున్నా నిమిషం దగ్గర విడి ఫాస్ఫేటు ఎంతుందో తెలియాలి, మిగతాదంతా క్రియాటిన్‌కి అంటుకున్నది. డబ్బు మంజూరు కోసం ప్రిన్సిపాల్‌గారికి కాగితం పెట్టాం. సిలబస్‌లో లేనిదానికి కెమికల్ ఎందుకు అని ఫైలు ఒకసారి వెనక్కొచ్చింది, మళ్లీ పంపాను.